మృగశిర దాకా ఆగు చెల్లెమ్మా

ప్రశ్న: అక్కా, నమస్తే. మాది నల్గొండ జిల్లా చండూరు దగ్గర. పోయిన ఏడాది ఇల్లు కట్టుకున్నాం. వెనక అర గుంట జాగా మిగిలింది. ఉగాదికి ముందు ఒక ట్రాక్టర్ ఎర్రమట్టి తోలించి టమాట, బెండ, వంగ, బీర పెట్టాను. మట్టి, సంచులు, కొబ్బరి పొట్టు, విత్తనాలు, మందు కొట్టే పంపు, అన్నీ కలిపి 7,400 రూపాయలు అయ్యాయి. టమాట చెట్లు నడుమెత్తు పెరిగాయి గానీ పూత వచ్చింది వచ్చినట్టే రాలిపోతోంది. కొన్నిటికి ఆకులు ముడుచుకున్నాయి. బెండ ఆకులన్నీ పసుపుపచ్చగా మారాయి. బీరకు పూలే తప్ప కాయ లేదు. కాసిన నాలుగు వంకాయలు కోతులు ఎత్తుకుపోయాయి. ఊర్లో మూడెకరాలు కౌలుకిచ్చి రెండేళ్ల కింద మా దగ్గరికి వచ్చిన మా అత్తమ్మ "నీ చేతి వాసి మంచిది కాదు" అంటుంది. మా ఆయనేమో "ఆ పైసలతో ఏడాదంతా కూరగాయలు కొనుక్కునేవాళ్లం" అంటాడు. మందుల షాపులో అడిగితే పత్తికి కొట్టే మందు ఒకటి ఇచ్చారు, ఇంకా కొట్టలేదు. మరో సంగతి, మా బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఉందంటారు. ఆ నీళ్లతో పెంచినవి పిల్లలకు పెట్టొచ్చా? మానెయ్యాలా, ఇంకా చెయ్యాలా? పొద్దున లేవగానే మొక్కల దగ్గరికే పోవాలనిపిస్తుంది. పోతే ఏడుపొస్తుంది.

జవాబు:

చెల్లెమ్మా, నీ ఉత్తరం చివరి రెండు మాటల దగ్గర చాలాసేపు ఆగిపోయాను. పొద్దున లేవగానే మొక్కల దగ్గరికి పోవాలనిపించే మనిషి తోట మానెయ్యకూడదు. ముందు ఈ మాట గట్టిగా చెప్పి, ఆ తర్వాత మిగతా సంగతులకు వస్తాను.

చేతి వాసి మాట మనసులోంచి తీసెయ్. నువ్వు వేసిన విత్తనం మొలిచింది, చెట్టు నడుమెత్తు ఎదిగింది, పూత పట్టింది. చేతి పని అక్కడివరకే. పువ్వు పిందె కావాలంటే కాలం కలిసి రావాలి. పగలు 35 డిగ్రీలు దాటి, రాత్రి కూడా చల్లబడకపోతే టమాట పువ్వులోని పుప్పొడి పనికిరాకుండా పోతుంది. పువ్వు విచ్చుకుంటుంది, రెండు మూడు రోజులు నిలబడుతుంది, కాడ దగ్గర పసుపు తేలి రాలిపోతుంది. ఏప్రిల్, మే నెలల్లో మన నల్గొండలో, మా పాలమూరులో ఎండ 42 డిగ్రీలు దాటడం మామూలే. ఆ వేడిలో ముప్పై ఏళ్ల అనుభవం ఉన్న రైతు నాటినా టమాట ఇంతే చేస్తుంది. 2023 జూలైలో కిలో టమాట 150 రూపాయలు దాటింది, గుర్తుందా? ప్రతి ఏడూ ఎండాకాలం చివర ధర పైకి పోవడానికి ఒక కారణం ఇదే, చేలల్లోనూ పూత నిలబడక కాపు తగ్గుతుంది. మీ పెరట్లో జరిగిందే పెద్ద చేలల్లోనూ జరుగుతుంది.

నువ్వు చేసిన పొరపాటు ఒక్కటే, ఉగాది ముందు మొదలుపెట్టడం. ఇల్లు కట్టుకున్న సంతోషం, ఖాళీ జాగా, చేతిలో కొన్ని పైసలు ఉన్నప్పుడు ఎవరూ ఆగరు. నేనూ ఆగలేదు. నా మొదటి ఏడాది మా మహబూబ్‌నగర్ ఇంట్లో కోళ్లఫారం నుంచి పచ్చి ఎరువు ఆరు బస్తాలు తెప్పించి, మాగనివ్వకుండానే మిరప నారు మొదట్లో పోశాను. మూడో రోజుకు నారంతా మాడిపోయింది. కోళ్ల ఎరువు కనీసం రెండు మూడు నెలలు కుప్పలో మాగాలని అప్పుడు నాకు ఎవరూ చెప్పలేదు. ఆ మిరప మడి ముందు కూర్చుని నేనూ ఏడ్చాను. అందుకే నీ బాధ నాకు తెలుసు.

ఇక తెగుళ్ల సంగతి. బెండకు వచ్చింది పల్లాకు తెగులు, శంఖు రోగం అని కూడా అంటారు. టమాటకు వచ్చింది ఆకుముడత. రెండూ వైరస్‌లే, రెండింటినీ మోసుకొచ్చేది తెల్లదోమ. ఎండాకాలంలో తెల్లదోమ విపరీతంగా పెరుగుతుంది. పైగా మీ చుట్టుపక్కల పత్తి చేలు ఉంటాయి, ఆ దోమకు పత్తి కూడా ఇల్లే. వైరస్ సోకిన మొక్కకు ఏ మందూ లేదు. ఆకులు పసుపు తేలిన బెండ చెట్లను, ముడుచుకున్న టమాట చెట్లను ఈ వారమే వేళ్లతో సహా పీకేసి, దూరంగా కాల్చెయ్ లేదా పూడ్చిపెట్టు. పెంచిన చేత్తో పీకడం కష్టమే. కానీ వాటిని ఉంచితే దోమ ఆ చెట్టు మీద వాలి, రేపు నువ్వు నాటబోయే కొత్త చెట్టు మీద వాలుతుంది.

షాపువాళ్లు ఇచ్చిన ఆ డబ్బా మాత్రం తెరవకు. పత్తికి కొట్టే మందు ఇంట్లో తినే కూరగాయల మీద ఎన్నడూ కొట్టకూడదు. పత్తిని మనం వండుకోం. బెండకాయ రోజు మార్చి రోజు కోస్తాం, మందు ప్రభావం పోయేదాకా ఆగేంత వ్యవధి దానికి ఉండదు. డబ్బా మూత తీయలేదు కాబట్టి షాపులో వాపసు ఇచ్చెయ్. వాళ్లు తీసుకోకపోతే పత్తి వేసే చుట్టాలకు ఇవ్వు. పిల్లలున్న ఇంట్లో దాన్ని ఉంచకు.

మందు కావాలంటే ఇప్పుడు ఊరి నిండా ఉంది. ఇంకో రెండు మూడు వారాల్లో వేప పండ్లు రాలతాయి. పిల్లలను తోడు తీసుకుని ఏరు. గుజ్జు కడిగేసి, గింజలు నీడన ఆరబెట్టి, గుడ్డసంచిలో దాచు. అవసరం వచ్చినప్పుడు లీటరు నీళ్లకు 50 గ్రాముల గింజల పప్పు లెక్కన దంచి, మూటకట్టి రాత్రంతా నానబెట్టు. పొద్దున పిండి, వడకట్టి, చిటికెడు సబ్బుపొడి కలిపి సాయంత్రం పూట కొట్టాలి. ఏ రోజు కలిపింది ఆ రోజే అయిపోవాలి, నిలవ ఉంటే పనిచేయదు. పేనుబంకకు, చిన్న పురుగుకు, దోమకు ఇది బాగా పనికొస్తుంది. నువ్వు కొన్న పంపు దండగ కాలేదు. పసుపు రంగు వేసిన రేకు ముక్కకు ఆముదం పూసి చెట్ల ఎత్తులో వేలాడదీస్తే తెల్లదోమ దానికి అతుక్కుంటుంది. దోమ ఎంత ఉందో రోజూ ఆ రేకు చూస్తే తెలిసిపోతుంది.

బీర విషయంలో నువ్వు భయపడాల్సింది ఏమీ లేదు. ఇదొక్కటి చదివి ఈ సాయంత్రమే తీగ దగ్గరికి వెళ్లు. బీరలో మగ పూలు, ఆడ పూలు వేరు. గెలగా వచ్చేవి మగవి. ఒంటరిగా, వెనక వేలంత చిన్న పిందెతో వచ్చేది ఆడది. తీగ మొదట మగ పూలనే పూస్తుంది, అవి రాలిపోవడమే వాటి ధర్మం. ఎండ ఎక్కువున్నా, నత్రజని ఎక్కువైనా మగ పూలే ఇంకా ఎక్కువ వస్తాయి. యూరియా వేసి ఉంటే ఇక ఆపెయ్. ఇంకో ముఖ్యమైన సంగతి, బీర పువ్వు విచ్చుకునేది పొద్దుగూకే వేళ. సొర కూడా అంతే. కాకర, దోస, గుమ్మడి తెల్లవారుజామున విచ్చుకుంటాయి. మనమేమో పొద్దున ఎనిమిదింటికి నీళ్లు పోసి "పూలు వాడిపోయాయి" అనుకుంటాం. సాయంత్రం ఆరింటికి వెళ్లి, అప్పుడే విచ్చిన మగ పువ్వు తెంపి, రెక్కలు తీసేసి, నడుమ ఉన్న పుప్పొడిని ఆడ పువ్వు గుండె మీద మెల్లగా తాకించు. పిందె నిలబడితే మూడు నాలుగు రోజుల్లో కిందికి వంగి లావెక్కడం మొదలవుతుంది. నిలబడకపోతే పసుపు తేలి ముడుచుకుపోతుంది. నేను ఈ పని నేర్చుకున్న మొదటి సాయంత్రం మూడు పూలకు అద్దాను, రెండు నిలిచాయి. ఆ రెండు బీరకాయలు ఎంత పొడవు పెరిగాయో ఇప్పటికీ చేత్తో చూపించగలను.

కోతుల గురించి నీకు తీపి కబురు చెప్పలేను. అడవుల్లో, గుట్టల్లో వాటికి తిండి తగ్గి ఊళ్ల మీద పడ్డాయి. మన జిల్లాల్లో చాలామంది పెరటి తోటలు మానుకున్నది వాటి వల్లే. కొండముచ్చు బొమ్మ పెట్టాను, నాలుగు రోజులు పనిచేసింది. రబ్బరు పాము పెట్టాను, వారం పనిచేసింది. నాకు చివరికి పనికొచ్చినవి రెండు. వంగ, టమాట లాంటివి ఒక్క మడికి కుదించి, ఆ మడికి నాలుగు వైపులా, పైన కూడా ఇనుప జాలి వేయించడం ఒకటి. జాలికి ఖర్చవుతుంది, ఏటా కొంత కొంత కట్టుకుంటూ పో. మిగతా జాగాలో కోతులు పెద్దగా ముట్టుకోనివి పెట్టడం రెండోది. మా పెరట్లో కాకర, పచ్చిమిర్చి, పుంటికూర, పసుపు, కల్యమాకు జోలికి అవి చాలా తక్కువ వచ్చాయి. సొర, వంగ, టమాట, జామ ఏదీ వదల్లేదు. పిల్లలను కోతుల మీదికి కట్టె పట్టుకుని పోనివ్వకు. కరిస్తే రేబీస్ టీకాల కోసం ఆస్పత్రి చుట్టూ తిరగాలి.

ఇప్పుడు మీ ఆయన లెక్క. కోపం తెచ్చుకోకు గానీ, టమాట వరకు ఆయన చెప్పింది నిజమే. ఉల్లిగడ్డ, ఆలుగడ్డ, క్యాబేజీ కూడా అంతే. అవి బజారులో అందరికీ దొరికేవి, నిలవ ఉండేవి. అర గుంటలో వాటితో పైసలు మిగలవు. అయితే ఆ 7,400లో మట్టి ఎక్కడికీ పోలేదు, పంపు ఉంది, సంచులు ఇంకో రెండు మూడేళ్లు వస్తాయి. నిజంగా పోయింది విత్తనాల ఖర్చు, నీ రెక్కల కష్టం. ఇక ముందు, బజారుకు వచ్చేసరికి వాడిపోయేవి, కట్ట కొంటే సగం పారేసేవి ఏవో అవి పెంచు. పుంటికూర, తోటకూర, బచ్చలి, చుక్కకూర, పచ్చిమిర్చి, కల్యమాకు, ఒక మూలకు మునగ, ఇంకో మూలకు నిమ్మ. రోజూ పొయ్యి మీదికి ఏదో ఒకటి పెరట్లోంచి వస్తే మీ ఆయనకు లెక్క వేరే చెప్పాల్సిన పని ఉండదు. మునగ మాత్రం గోడకు దూరంగా పెట్టు. గాలివానకు దాని కొమ్మలు పుటుక్కున విరుగుతాయి.

ఫ్లోరైడ్ గురించి అడిగావు. ఈ ప్రశ్న అడిగినందుకు నీ మీద గౌరవం పెరిగింది. మర్రిగూడ, నాంపల్లి, చండూరు వైపు నడుము వంగిపోయిన మనుషులను, గారపట్టిన పళ్లను చూస్తూ పెరిగినవాళ్లం మనం. పటిక, సున్నం కలిపి నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతిని నాగపూర్‌లోని నీరి సంస్థ తయారుచేస్తే, దానికి నల్గొండ టెక్నిక్ అని మన జిల్లా పేరే వచ్చింది. ఈ నేలలో ఇది చిన్న విషయం కాదు.

ఒంట్లోకి ఫ్లోరైడ్ ముఖ్యంగా చేరేది తాగే నీళ్ల నుంచి, వండే నీళ్ల నుంచి. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ఆ నీళ్లు తాగడానికి పనికిరావు. కాబట్టి తాగడానికీ, అన్నానికీ, పప్పుకూ, చాయ్‌కీ నల్లాలో వచ్చే మిషన్ భగీరథ నీళ్లే వాడు. బోరు నీళ్లు మరగబెడితే ఫ్లోరైడ్ పోదు, నీళ్లు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. ఈ మాట ఇంట్లో అందరికీ తెలియాలి. మొక్కలు కూడా నీళ్లలోని ఫ్లోరైడ్‌ను కొంత పీల్చుకుంటాయి. కాయల్లో కంటే ఆకుల్లో అది ఎక్కువ చేరుతుంది. అందుకని ముందు మీ బోరు నీళ్లు ఒక సీసాలో పట్టి, గ్రామీణ నీటి సరఫరా శాఖ ప్రయోగశాలలో పరీక్ష చేయించు. తక్కువుంటే టెన్షన్ పెట్టుకోకు. ఎక్కువుంటే బోరు నీళ్లు బీర, సొర, కాకర, నిమ్మ లాంటి వాటికి పెట్టు. ఆకుకూరలకు భగీరథ నీళ్లతో బియ్యం, పప్పు, కూరగాయలు కడిగిన నీళ్లు పట్టి పొయ్యి. నలుగురున్న ఇంట్లో ఈ నీళ్లు రోజుకు రెండు బకెట్లయినా వస్తాయి, మంచమంత ఆకుకూర మడికి అవి సరిపోతాయి. గిన్నెలు తోమిన సబ్బు నీళ్లు మాత్రం ఆకుకూరలకు వద్దు. వానాకాలంలో కప్పు మీది నీళ్లను ఒక పైపుతో డ్రమ్ములోకి మళ్లించుకో. వాన నీళ్లకు మించిన నీళ్లు మొక్కకు లేవు. ఉప్పు నీళ్లతో సంచుల అంచుల్లో తెల్లగా పేరుకునే పొర కూడా రెండు మంచి వానలకు కడుక్కుపోతుంది.

పిల్లలకు పాలు, రాగిజావ, మునగాకు తరచుగా పెట్టు. కాల్షియం బాగా అందే పిల్లల మీద ఫ్లోరైడ్ ప్రభావం తక్కువ. చింతపండు తిన్న పిల్లల్లో ఫ్లోరైడ్ మూత్రం ద్వారా ఎక్కువగా బయటికి పోయిందని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు 2002లో ప్రచురించారు. మన చారు, మన పులుసు మానకండి. అయితే ఇవన్నీ మంచి నీళ్లకు తోడు మాత్రమే, మంచి నీళ్లకు బదులు కాదు.

ఇక అత్తమ్మ. నీ ఉత్తరంలో అన్నిటికంటే ఎక్కువ నన్ను ఆలోచింపజేసింది ఆమె మాటే. మూడెకరాలు దున్నిన మనిషి భూమి కౌలుకిచ్చి, కొడుకు ఇంట్లో రెండేళ్లుగా చెయ్యడానికి పనిలేక కూర్చుంది. కళ్లముందు కోడలు ఉగాది ముందు టమాట పెడుతుంటే అది కాయదని ఆమెకు తెలుసు. కానీ ఆమెను ఎవరైనా అడిగారా? అడగలేదేమో అనుకుంటున్నాను, నేను అడగలేదు కాబట్టి. మా అత్తమ్మ కూడా గద్దె మీద కూర్చుని నా మొక్కలను చూసి ఏదో ఒకటి అనేది. రెండేళ్లు నాకు కష్టంగానే ఉండేది. ఒకరోజు చిక్కుడు ఎప్పుడు పెట్టాలత్తమ్మా అని ఊరికే అడిగాను. లోపలికి వెళ్లి, తన ట్రంకుపెట్టెలోంచి పాత చీర ముక్కలో మూటకట్టిన గింజలు తెచ్చింది. బూడిద కలిపి దాచినవి. బీర, సొర గింజలైతే పేడలో అద్ది గోడకు కొట్టి దాచేవాళ్లమని, పురుగు పట్టేది కాదని చెప్పింది. అంతవరకు ఆమె మా ఇంట్లో అంతసేపు మాట్లాడగా నేను వినలేదు. ఆ చిక్కుడు పాదు మా పందిరి మీద ఏడేళ్లుగా ఏటా మళ్లీ వస్తోంది. ఆమె లేదు ఇప్పుడు.

మీ అత్తమ్మ దగ్గర కూర్చుని అడుగు. ఏ కార్తెలో ఏది పెట్టేవాళ్లు, గింజ ఎలా దాచేవాళ్లు, వాళ్ల ఊరి పుంటికూర ఎర్ర కాడదా తెల్ల కాడదా అని అడుగు. చేతి వాసి మాట పట్టించుకున్నట్టు కనిపించకు. పెరట్లో ఒక మడి ఆమెకే ఇచ్చెయ్. ఆ మడిలో ఏం పెట్టాలో నువ్వు చెప్పకు.

ఇప్పుడు చెయ్యాల్సిన పని చెబుతాను. రోహిణి కార్తె వస్తోంది. రోహిణి ఎండలకు రోళ్లు పగులుతాయని పెద్దలు ఊరికే అనలేదు. ఈ మూడు నాలుగు వారాలు కొత్తగా ఏమీ నాటొద్దు. జబ్బు పడిన చెట్లు పీకేశాక, ఆ మట్టిని గుల్ల చేసి బాగా తడిపి, ఎండ లోపలికి దిగేలా పలచటి, అవతలిది కనిపించే పాలిథీన్ పట్టా కప్పి, అంచులను మట్టితో మూసెయ్. లోపలి వేడికి మట్టిలోని నులిపురుగులు, తెగులు బీజాలు, కలుపు గింజలు చాలావరకు చస్తాయి. పోయినసారి మనల్ని దెబ్బతీసిన ఎండే ఈసారి మనకు పని చేసిపెడుతుంది. బీరతీగ మీద మాత్రం పాత నూలు చీర ఒకటి నీడకు కట్టు. దాని పాదులో సన్నమూతి మట్టి ముంత ఒకటి మెడ దాకా పాతి, రెండు రోజులకొకసారి నీళ్లు నింపు. మట్టి ముంత నుంచి నీళ్లు మెల్లగా ఊరి వేళ్లకు అందుతాయి. నీళ్లు తక్కువున్న ఊళ్లకు ఇంత మంచి పద్ధతి ఇంకోటి లేదు.

ఈ లోపు గొర్రెల మందలు ఉన్నవాళ్లను అడిగి బాగా చీకిన ఎరువు నాలుగైదు బస్తాలు తెప్పించుకో. మన వైపు గొల్లకురుమల దగ్గర దొరికే ఈ ఎరువు ముందు మీరు కొన్న కొబ్బరి పొట్టు దేనికీ పనికిరాదు. చీకని ఎరువు వేస్తే మాత్రం ఎర్రమట్టిలో చెదలు పడతాయి, చేత్తో పట్టుకుంటే పొడిగా, వాసన లేకుండా ఉండాలి. చల్క నేల నీటిని నిలుపుకోదు. పైన పల్లి పొట్టో, రాలిన ఆకులో మూడు వేళ్ల మందం పరిస్తే సగం నీళ్లు మిగులుతాయి.

జూన్ 7, 8 తేదీల్లో మృగశిర వస్తుంది. అప్పుడు కూడా ఒక మంచి వాన పడి, మట్టి లోపలి దాకా తడిసేవరకు ఆగు. అర గుంట మొత్తం తెరవకు. నులక మంచమంత మడులు రెండు చేసి, ఒకదాంట్లో పుంటికూర, ఇంకోదాంట్లో తోటకూర చల్లు. గంగవాయిలి కూర నువ్వు చల్లకపోయినా అదే వస్తుంది. కలుపు అనుకుని పీకి పారెయ్యకు, పప్పులో వెయ్. తోటకూర 25, 30 రోజుల్లో కోతకొస్తుంది. పుంటికూరను మొదలంటా పీకకుండా పైన తుంచుకుంటూ పోతే కొమ్మలు వేసి నెలల తరబడి వస్తుంది. తోటకూర మాత్రం పది పన్నెండు రోజులకొకసారి కొంత కొంత చల్లుతూ ఉండు. అంతా ఒకేసారి చల్లితే ఒకేసారి ముదిరిపోతుంది.

చిక్కుడు జూలైలో పెట్టు. పందిరి చిక్కుడు పగటి పొద్దు తగ్గితే గాని పూయదు. ముందు పెట్టినా ఆకే పెంచుకుంటుంది, చలికాలంలోనే కాస్తుంది. ఓపిక పడితే రథసప్తమికి దేవుడి రథం చెయ్యడానికి మీ పందిరి కాయలే సరిపోతాయి. మెంతి, కొత్తిమీర, పాలకూర, ముల్లంగి అక్టోబర్ దాకా ముట్టుకోకు. ధనియాలు చెప్పుతో నలిపి రెండు బద్దలు చేసి చల్లాలని మీ అత్తమ్మే చెబుతుంది.

టమాట మీద నీకు ప్రేమ ఉందని తెలుస్తోంది, దాన్నీ వదలొద్దు. సెప్టెంబర్ మొదట్లో, పుబ్బ కార్తెలో నారు పొయ్యి. నారుమడి మీద పాత దోమతెర కప్పు, తెల్లదోమ లోపలికి రాకుండా. నెల నారు అక్టోబర్‌లో నాటితే డిసెంబర్, జనవరి చలిలో పువ్వుకొక కాయ నిలుస్తుంది. బెంగళూరులోని ఉద్యాన పరిశోధన సంస్థ ఇచ్చిన అర్క రక్షక్ రకం ఆకుముడతను తట్టుకుంటుంది. అది హైబ్రిడ్, దాని గింజలు దాచి మళ్లీ వేయకు. బెండలో అదే సంస్థ ఇచ్చిన అర్క అనామిక పల్లాకు తెగులును కొంత ఓర్చుకుంటుంది. వంకాయ చెట్టు కొసలు వాడి వేలాడితే లోపల పురుగు ఉన్నట్టు. ఆ కొసను రెండు అంగుళాలు కిందికి తుంచి నలిపెయ్. వారానికి రెండుసార్లు ఈ పని చేస్తే మందు కొట్టే అవసరమే చాలావరకు రాదు.

నీళ్లు పెట్టే పని మొత్తం నీ ఒక్కదాని మీదే పెట్టుకోకు చెల్లెమ్మా. ఆదివారం మీ ఆయనకు ఇవ్వు, జాలి కట్టే పని కూడా ఆయనకే. పిల్లలకు చెరో సంచి ఇచ్చి పేర్లు రాయించు. తను పెంచిన తోటకూరను వద్దనే పిల్లవాడిని నేను ఇంతవరకు చూడలేదు.

సొర కాపు మొదలైతే ఇంట్లో తినగలిగినదానికంటే ఎక్కువ వస్తుంది. పక్కింటికి ఒకటి పంపు. ఆ గిన్నె ఖాళీగా తిరిగి రాదు, వాళ్ల పెరట్లో నిమ్మకాయలో, కొత్త పచ్చడో దాంట్లో ఉంటుంది. మా వీధిలో నాకు పరిచయాలన్నీ సొరకాయల వల్లే అయ్యాయి.

ఇంకొక్కటి. జూలైలో పెరట్లో పొద్దు బాగా పడే మూల నాలుగు గుమ్మడి గింజలు పెట్టు. కోతులు కాయను వదలవేమో గానీ, తీగ పారినంత దూరం పూలు పూస్తూనే ఉంటుంది. బతుకమ్మ పండుగకు తంగేడు, గునుగు బయటి నుంచి తెచ్చుకున్నా, గౌరమ్మను పెట్టడానికి గుమ్మడి పువ్వు మీ పెరట్లోదే అవుతుంది. తెల్లవారుజామునే కొయ్యి, ఎండెక్కితే ముడుచుకుంటుంది.